కోడలు వచ్చింది, ఫారం–సి నింపారా?

రాయచూరు నుంచి బయల్దేరి కల్మల చేరితే అక్కడ రోడ్డు చీలుతుంది. ఒక దారి లింగసుగూరు వైపు, హట్టి బంగారు గనుల వైపు పోతుంది. ఇంకోటి మాన్వి మీదుగా సింధనూరు పోతుంది. తుంగభద్ర ఎడమ కాలువ పారే ఆ వరి పొలాల సీమలో అడుగడుగునా తెలుగువాళ్ల క్యాంపులే. డ్యామ్ కట్టాక కోస్తా జిల్లాల నుంచి వచ్చి, రేగడి నేలలు కొని, మడులు కట్టుకున్న కుటుంబాలవి. ఈ ప్రాంతంలో ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడం, బజార్లో ఉర్దూ మాట్లాడే మనిషిని చూసి ఎవరూ ఆశ్చర్యపోరు.

పెళ్లి సంబంధాలూ అలాగే కలిశాయి. 1956 దాకా రాయచూరు హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది. ఆ ఏడాది నవంబరులో గీత గీశారు. గద్వాల అటు, రాయచూరు ఇటు అయ్యాయి. అంతకుముందే ఆదోని, కర్నూలు ఇంకో రాష్ట్రం. అయినా అక్కడి ఆడపిల్ల ఇక్కడ కోడలవడం ఆగలేదు, ఇక్కడి ఆడపిల్ల అక్కడికి కాపురానికి వెళ్లడం ఆగలేదు. ఆ సరిహద్దు దాటడానికి బస్సు టికెట్ చాలు. పుట్టింటి సారె ఏ రాష్ట్రానిదని అడిగే అధికారి లేడు.

మనవల తరానికి వచ్చేసరికి ఈ దారులు దుబాయ్‌కీ, డాలస్‌కీ, డబ్లిన్‌కీ సాగాయి. పెళ్లిళ్లూ అక్కడిదాకా వెళ్లాయి. పట్టుచీర కట్టి, బాసికం పెట్టుకుని, తలంబ్రాలు పోస్తూ నవ్వే విదేశీ పెళ్లికూతురి ఫొటో మన పత్రికల్లో తరచూ కనిపిస్తుంది. ‘ఖండాంతరాలు దాటిన ప్రేమ’ అని శీర్షిక పెడతాం. పెళ్లికొచ్చిన ఊరంతా ఆమె చేత రెండు తెలుగు ముక్కలు పలికించి మురిసిపోతుంది. ఆ తర్వాత ఆ జంట ఏమైందో ఎవరూ రాయరు. ఆమె ఎన్నాళ్లు ఉండగలిగింది, ఏ కాగితం మీద ఉంది, ఎక్కడ ఆగిపోయింది అన్న సంగతులు ఫొటోకు ఎక్కవు. ఈ వారం రాయాలనుకున్నది ఆ మిగతా కథే.

ముప్పై రోజుల సెలవు, అరవై రోజుల చట్టం

ఒక ఉదాహరణ అనుకుందాం. పేర్లు పెట్టను, ఎందుకంటే ఇది ఒక్కరి కథ కాదు. కల్మల కుర్రాడు దుబాయ్‌లో మెకానిక్. ఆమె ఫిలిప్పీన్స్ అమ్మాయి, అక్కడే ఆసుపత్రిలో నర్సు. మనసులు కలిశాయి. పెళ్లి ఊళ్లోనే జరగాలని తల్లి పట్టు. ఆ పట్టులో తప్పేముంది? ఒక్కగానొక్క కొడుకు పెళ్లి వాకిట్లో పందిరేసి చేసుకోవాలని ఏ తల్లికుండదు?

పందిరి వేస్తారు. తాళి కడతాడు. అయితే చట్టం కళ్లకు ఆ తాళి ఇంకా పెళ్లి కాదు. హిందూ వివాహ చట్టం వర్తించాలంటే ఇద్దరూ హిందువులై ఉండాలి, ఆమె క్యాథలిక్. కాబట్టి ఇలాంటి జంటకు సాధారణంగా 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టమే దారి. ఆ చట్టం ఏం చెబుతుందంటే, ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో కనీసం 30 రోజులు నివసించి ఉండాలి, ఆ తర్వాతే నోటీసు ఇవ్వాలి. నోటీసును గోడకు అతికిస్తారు. అభ్యంతరాల కోసం ఇంకో 30 రోజులు ఆగుతారు. ఎవరూ అడ్డు చెప్పకపోతే అప్పుడు సంతకాలు. కుర్రాడికి ఏడాదికి దొరికేది 30 రోజుల సెలవు. చట్టానికి కావలసింది 60. తుంగభద్ర డ్యామ్ మొదలై ముగిసినన్నాళ్లు పట్టే పని కాదిది, అయినా గల్ఫ్ సెలవులో ఇమడదు. అందుకే చాలా జంటల విషయంలో ఊళ్లో పెళ్లి ఒక ఏడాది, రిజిస్టరు పెళ్లి ఇంకో ఏడాది అవుతాయి. ఆ మధ్య కాలంలో ఆమె ఊరికి కోడలు, ప్రభుత్వానికి పర్యాటకురాలు.

కొందరు అబుదాబిలో పెళ్లి చేసుకుంటారు. ముస్లిమేతరుల కోసం అక్కడ 2021లో పౌర వివాహ చట్టం వచ్చింది, పని త్వరగా అవుతుంది. ఆ సర్టిఫికెట్ మీద అక్కడి విదేశాంగ శాఖ ముద్ర, మన దౌత్య కార్యాలయం ముద్ర పడాలి. అంతటితో అయిపోదు. ఫిలిప్పీన్స్ వాళ్ల వైపు ఇంకో కాగితం ఉంది. విదేశీయుణ్ణి పెళ్లాడాలంటే, పెళ్లికి చట్టప్రకారం అడ్డేమీ లేదని వాళ్ల రాయబార కార్యాలయం రాసివ్వాలి. పెళ్లయ్యాక భర్త దేశానికి కాపురానికి వెళ్లే ఆడపిల్ల విమానం ఎక్కేముందు ప్రభుత్వం నడిపే కౌన్సెలింగ్‌కు హాజరై ఆ పత్రం కూడా చూపాలి. పరాయి దేశంలో మోసపోయిన ఆడపిల్లల కథలు విని విని ఆ దేశం పెట్టుకున్న జాగ్రత్త అది. మన దగ్గర ఎన్నారై అల్లుళ్ల చేతిలో చితికిపోయిన ఆడపిల్లల తల్లిదండ్రులకు దాని విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఇక పేర్ల గొడవ. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. కర్ణాటక వైపు తండ్రి పేరో ఊరి పేరో ఒక్క అక్షరమై ముందు కూర్చుంటుంది. ఆధార్‌లో ఆ అక్షరం పొడిగా ఉంటుంది, పాస్‌పోర్టులో విప్పి రాస్తారు, పదో తరగతి మార్కుల జాబితాలో అసలు ఉండదు. ఫిలిప్పీన్స్ అమ్మాయికి పేరు మధ్యలో తల్లి పుట్టింటిపేరు ఉంటుంది. ఈ రెండు సంప్రదాయాలు ఒకే పెళ్లి సర్టిఫికెట్‌లో ఎక్కేసరికి ఎక్కడో ఒక అక్షరం తప్పుతుంది. అక్షరం తప్పితే ఫైలు వెనక్కి వస్తుంది. అఫిడవిట్, నోటరీ, మళ్లీ అర్జీ. ప్రేమించుకున్న రెండేళ్లలో ఎన్నడూ పడని తగాదాలు ఈ ఒక్క అక్షరం దగ్గర పడతాయి.

అత్తగారింటి కరెంటు బిల్లు

పెళ్లి రిజిస్టరయ్యాక ఆమెకు ఎంట్రీ వీసా వస్తుంది. ఎక్స్ వీసా అంటారు. భారతీయుల భార్యలకు, భర్తలకు ఇచ్చేది ఇదే. గడువు ఉంటుంది, పొడిగించుకుంటూ పోవాలి. 180 రోజులకు మించిన వీసా మీద వచ్చినవాళ్లు దిగిన 14 రోజుల్లోగా విదేశీయుల రిజిస్ట్రేషన్ అధికారి దగ్గర పేరు నమోదు చేసుకోవాలి. రాయచూరు లాంటి జిల్లాలో ఆ అధికారి అంటే జిల్లా ఎస్పీ. 2018 నుంచి ఈ పని చాలావరకు ఆన్‌లైన్‌లోకి మారింది. బారులు తీరి నిలబడే బాధ కొంత తగ్గింది. అది మంచి మార్పే. కాకపోతే ఆన్‌లైన్ అర్జీకి నివాస రుజువు అప్‌లోడ్ చేయాలి. కల్మలలో కరెంటు బిల్లు ఎవరి పేరు మీద ఉంటుంది? చాలా ఇళ్లలో ఎప్పుడో పోయిన తాతగారి పేరు మీద. ఖాతా మార్పిడి కాలేదు, అన్నదమ్ముల భాగాలు తేలలేదు. ఇంట్లో అందరూ ఆ కప్పు కిందే పుట్టి పెరిగారు కాబట్టి రుజువు అవసరం ఎన్నడూ పడలేదు. విదేశీ కోడలు రావడంతో ఆ ఇల్లు ఎవరిదన్న ప్రశ్న మొదటిసారి పైకి వచ్చింది.

ఇంకో కాగితం ఉంది. దాన్ని తలుచుకుంటే నాకు మనసు చివుక్కుమంటుంది. విదేశీయులకు బస ఇచ్చిన వాళ్లెవరైనా 24 గంటల్లోగా ఆ కబురు అధికారులకు చెప్పాలి. ఏళ్ల తరబడి దాన్ని ఫారం–సి అని పిలుచుకుంటున్నాం. హోటళ్లు, లాడ్జీలు నింపే ఫారం అది. సొంత ఇల్లూ అందులోకి వస్తుంది. అంటే ఎర్రనీళ్లతో దిష్టి తీసి, కుడికాలు పెట్టించి, బియ్యం కలశం తన్నించిన అత్తగారు ఆ మర్నాడు తన కోడలిని ‘బస చేసిన విదేశీయురాలు’ అని రాసివ్వాలి. 1939, 1946 నాటి వాటితో సహా పాత చట్టాలను తీసేసి 2025 సెప్టెంబరు 1 నుంచి వలస, విదేశీయుల చట్టం అమల్లోకి తెచ్చారు. నాలుగు చట్టాలు ఒకటయ్యాయి. బస ఇచ్చినవాళ్లు కబురు చెప్పాలన్న బాధ్యత మాత్రం అలాగే ఉంది. దేశానికి భద్రత అవసరమని ఒప్పుకుంటాను. ఎవరు వచ్చారో, ఎక్కడున్నారో ప్రభుత్వానికి తెలియాలి. అయితే రిజిస్ట్రారు పుస్తకంలో భార్య అని రాసుకున్న మనిషి గురించి ఆ సంగతి ప్రభుత్వానికి అప్పటికే తెలుసు కదా!

ఎక్స్ వీసా తర్వాతి మెట్టు ఓసీఐ, అంటే విదేశీ భారత పౌరుల కార్డు. 1955 పౌరసత్వ చట్టంలోని 7ఎ సెక్షన్ కింద దాన్ని ఇస్తారు. పెళ్లి రిజిస్టరై, అర్జీ పెట్టేనాటికి వరుసగా రెండేళ్లు నిలిచి ఉండాలి. ముందుగా భద్రతా తనిఖీ జరుగుతుంది. భార్యాభర్తలిద్దరూ ఇంటర్వ్యూకు వెళ్లాలి. రాయచూరు వాళ్లకు హైదరాబాద్ దగ్గర. విమానం ఎక్కాలన్నా, పెద్దాసుపత్రికి పోవాలన్నా శంషాబాద్ దారే పడతారు. ఓసీఐ ఫైలు మాత్రం బెంగళూరుకు పోతుంది. తుంగభద్రకు అవతల, రాత్రంతా రైలు ప్రయాణం.

ఆ రెండేళ్ల లెక్క ఎక్కడ మొదలవుతుందో చూడండి. తాళి కట్టిన రోజు నుంచి కాదు, రిజిస్టరైన రోజు నుంచి. ఊళ్లో పెళ్లయిన ఏడాదికి రిజిస్టరు చేసుకున్న జంటకు ఆ ఏడాది లెక్కలోకి రాదు. భారత పౌరసత్వమే కావాలంటే పౌరుడిని పెళ్లాడి దేశంలో ఏడేళ్లు నివసించాలి, సొంత దేశపు పౌరసత్వం వదులుకోవాలి. ఓసీఐ ఉన్నా ఓటు లేదు, ప్రభుత్వ ఉద్యోగం లేదు, సాగుభూమి కొనే వీలు లేదు. పత్తి, వరి, జొన్న మీద బతికే ఊళ్లో ఆ చివరిది చిన్న విషయం కాదు. భర్తతో కలిసి కలుపు తీసిన చేను పక్కనే ఇంకో ఎకరం అమ్మకానికి వస్తే ఆమె పేరు మీద రాయించుకోలేరు.

అన్నింటికన్నా బరువైన సంగతి 7డి సెక్షన్‌లో ఉంది. విడాకులైతే ఆ కార్డు రద్దు చేయవచ్చు. పదిహేనేళ్లు కాపురం చేసి, పిల్లల్ని కని, కన్నడం, తెలుగు నేర్చుకుని, అత్తమామలకు సేవ చేసిన మనిషైనా సరే. భర్త తాగి కొడితే ఆమె పోలీస్‌స్టేషన్‌కు వెళ్లేముందు రెండుసార్లు ఆలోచిస్తుంది. పిల్లలు భారతీయులు, తను కాదు. కేసు పెడితే కాపురం పోతుంది, కాపురం పోతే కార్డు పోతుంది, కార్డు పోతే పిల్లలున్న దేశంలో ఉండటానికి కొత్తగా ఇంకో వీసా వెతుక్కోవాలి. ఒక ఆడమనిషి ఉనికిని భర్త సంతకానికి కట్టేసే నిబంధన ఇది. దీన్ని మార్చాలి. పిల్లల తల్లిగా, ఇన్నేళ్ల నివాసిగా ఆమెకు సొంతంగా ఒక హోదా ఉండాలి.

అటు దారిలో మనవాళ్లు

ఇదే తాడుకు అవతలి కొసన మన ఆడపిల్లలు ఉన్నారు. తెలుగు ఇళ్లలో ‘స్లాట్ దొరికిందా’, ‘స్టాంపింగ్ అయ్యిందా’ అన్న మాటలు ‘భోంచేశావా’ అన్నంత మామూలైపోయాయి. భర్త హెచ్–1బి ఉద్యోగ వీసా మీద అమెరికాలో ఉంటే భార్యది అతని మీద ఆధారపడిన హెచ్–4 వీసా. హైదరాబాద్‌లోనే అమెరికా కాన్సులేట్ ఉంది, 2023లో నానక్‌రామ్‌గూడ భవనానికి మారింది. అంత పెద్ద భవనం ఉన్నా, అమెరికా పౌరుణ్ణి పెళ్లాడి ఇమిగ్రెంట్ వీసా మీద వెళ్లే అమ్మాయి ఇంటర్వ్యూకు ముంబయి పోవాల్సిందే. పెళ్లయి రెండేళ్లు నిండకముందే అక్కడ అడుగుపెడితే ఇచ్చేది రెండేళ్ల షరతుల కార్డు. గడువు ముగిసే ముందు 90 రోజుల్లో ఇద్దరూ కలిసి మళ్లీ రుజువు చేసుకోవాలి, మా కాపురం నిజమైనదేనని.

2025 సెప్టెంబరు నుంచి చాలామందికి ఇంటర్వ్యూ లేకుండా వీసా ఇచ్చే డ్రాప్‌బాక్స్ సదుపాయం పోయింది, నేరుగా హాజరు కావాల్సిందే. డిసెంబరు 15 నుంచి హెచ్–1బి, హెచ్–4 వాళ్ల సోషల్ మీడియా ఖాతాల పరిశీలన మొదలైంది. ఆ నెలలో ఇంటర్వ్యూలు ఉన్న ఎందరికో తేదీలు మరుసటి ఏడాది మార్చికీ, ఇంకా వెనక్కీ జరిపేశారు. తమ్ముడి పెళ్లికనో, తండ్రికి ఆపరేషన్ అనో రెండు వారాలకు వచ్చినవాళ్లు ఇక్కడే చిక్కుకున్నారు. భార్య ఇక్కడ, భర్త అక్కడ, బడికి పోవాల్సిన పిల్ల మధ్యలో. ఉద్యోగాల సంగతి పత్రికలు రాశాయి. రాత్రి పదకొండింటికి వీడియో కాల్‌లో అమ్మకు అన్నం తినిపిస్తున్నట్టు ఆడే పిల్ల సంగతి ఏ లెక్కలోనూ రాదు.

ఈ ఎడబాటు మనకు కొత్త కాదు. మందులు కనిపెట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు 1920ల మొదట్లో బోస్టన్ చేరారు. 1923 ఫిబ్రవరిలో భగత్ సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు ఆ దేశ పౌరులు కావడానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. మరుసటి ఏడాది వచ్చిన చట్టం, పౌరసత్వానికి అర్హత లేనివాళ్లు వలస రావడానికి వీల్లేదంది. 1946లో తలుపు తీసినప్పుడు కూడా ఏడాదికి 100 మందికే. సుబ్బారావుగారు 1948లో న్యూయార్క్‌లో కన్నుమూశారు. పాతికేళ్లలో ఆయన ఒక్కసారి కూడా తిరిగి రాలేదు, భార్య శేషగిరిగారు అక్కడికి వెళ్లలేదు. పేదరికం, పరిశోధన, ఇంట్లో పరిస్థితులు, కారణాలు ఎన్నో ఉండవచ్చు. అన్నీ చక్కబడి ఉన్నా 1946 దాకా చట్టం మాత్రం ఆ జంటకు స్థిరంగా కాపురం పెట్టుకునే దారి ఉంచలేదు. ఆయన మందుల గురించి మనం పుస్తకాలు రాసుకున్నాం. భర్త కోసం పాతికేళ్లు చూసిన ఆవిడ గురించి ఎంత రాశాం?

మిగతా దేశాలు కూడా ఉదారంగా ఏమీ లేవు. భార్యను తెచ్చుకోవాలంటే బ్రిటన్‌లో ఏడాదికి 29,000 పౌండ్ల సంపాదన చూపాలి. 2024 ఏప్రిల్‌కు ముందు అది 18,600. జర్మనీలో భర్త దగ్గరకు వెళ్లే భార్య సాధారణంగా విమానం ఎక్కకముందే జర్మన్ భాషలో తొలి మెట్టు పరీక్ష పాసవ్వాలి. అమెరికాలో సాండ్రా మునోజ్ అనే పౌరురాలు, ఎల్ సాల్వడార్‌కు చెందిన తన భర్తకు వీసా ఎందుకు ఇవ్వలేదో చెప్పమని సుప్రీంకోర్టు దాకా పోరాడింది. ఆయన ఒంటి మీది పచ్చబొట్ల మీద అధికారులకు అనుమానం. 2024 జూన్‌లో కోర్టు ఏం చెప్పిందంటే, పెళ్లాడే హక్కు నీకుంది, భర్తను దేశంలోకి తెచ్చుకునే మౌలిక హక్కు లేదు అని.

మన సరిహద్దు మాట కూడా చెప్పాలి. 1948 పోలీసు చర్య తర్వాత ఈ నిజాం గడ్డ నుంచి కరాచీకి వెళ్లిన కుటుంబాలున్నాయి. చుట్టరికాలు మాత్రం మధ్యలో తెగలేదు. మేనరికాలు సరిహద్దు దాటి కూడా సాగాయి. పాకిస్తాన్, బంగ్లాదేశ్ మూలాలున్నవాళ్లకు ఓసీఐ అసలే లేదు. తాత పౌరసత్వం కూడా అడ్డమే. వాళ్లకు దీర్ఘకాలిక వీసా ఒక్కటే ఆధారం. 2025 ఏప్రిల్‌లో పహల్గాం ఉగ్రదాడి తర్వాత పాకిస్తానీల వీసాలు రద్దయినప్పుడు దీర్ఘకాలిక వీసా ఉన్నవాళ్లను మినహాయించారు. అట్టారీ గేటు దగ్గర మాత్రం అటువైపు కాపురం చేస్తున్న తల్లులు ఆగిపోయారు. పిల్లలది పాకిస్తాన్ పాస్‌పోర్టు, తల్లిది మన పాస్‌పోర్టు. పిల్లలు వెళ్లవచ్చు, నువ్వు ఆగు అన్నారు. పహల్గాంలో భర్తల్ని పోగొట్టుకున్న ఆడవాళ్ల దుఃఖం ముందు ఏ మాటా నిలవదు. అయితే గేటు దగ్గర బిడ్డ చెయ్యి వదిలిన తల్లి ఆ నేరంలో భాగం కాదు.

దొంగ పెళ్లిళ్లు లేవా అంటే ఉన్నాయి. వీసా కోసం కాగితం మీద కాపురాలు పెట్టేవాళ్లు, వాళ్లకు ఆల్బమ్‌లు తయారుచేసి ఇచ్చే ఏజెంట్లు ఉన్నారు. తనిఖీ వద్దని ఎవరూ అనరు. నా బాధ వేరే చోట ఉంది. మన రాజ్యాంగం 19వ అధికరణ దేశంలో ఎక్కడైనా నివసించే హక్కును పౌరులకు ఇచ్చింది. కల్మల కుర్రాడికి ఆ హక్కు ఉంది. కట్టుకున్న మనిషితో కలిసి తన ఇంట్లో నివసించడం ఆ హక్కులో ఉందా లేదా? అర్జీలన్నీ ఆమె పేరు మీదే ఉంటాయి. అతను జతపరచిన కాగితం మాత్రమే. వీసా ఆలస్యమైతే నష్టపోయింది పరాయిదేశపు మనిషి అన్నట్టు చూస్తారు. ఈ దేశ పౌరుడి కాపురం ఆగిపోయిందన్న గడి ఆ ఫారంలో ఎక్కడా లేదు. భార్యాభర్తల అర్జీలో భారతీయ భాగస్వామిని కూడా అర్జీదారుగా ఎక్కించాలి. కాదంటే ఎందుకు కాదంటున్నారో కారణం రాసి అతని చేతికీ ఇవ్వాలి. ఫలానా గడువులోగా తేలుస్తామన్న మాట కూడా ఇవ్వాలి. రేషన్ కార్డుకు, పాస్‌పోర్టుకు గడువు పెట్టగలిగిన ప్రభుత్వానికి ఇది కష్టం కాదు.

సెలవు మీద వచ్చిన ఆ జంట శంషాబాద్‌లో దిగుతారు. విమానంలో పక్కపక్క సీట్లు. ఇమిగ్రేషన్ హాల్లోకి వచ్చేసరికి బోర్డులు విడిపోతాయి. భారతీయులు ఒక వరస, విదేశీయులు ఒక వరస. అతని వరస గబగబా కదులుతుంది. గంట ముందే కల్మల నుంచి జీపు వచ్చి బయట ఆగి ఉంది. తల్లి టిఫిన్ గిన్నెలో సజ్జ రొట్టెలు, గుత్తి వంకాయ కూర తెచ్చింది. కొడుకు పెట్టె పట్టుకుని గాజు తలుపు దాకా వచ్చి ఆగాడు. తల్లికి దూరం నుంచి చెయ్యి ఊపాడు, మళ్లీ వెనక్కి తిరిగి లోపలి వరస వైపే చూస్తున్నాడు.